ఆకుపచ్చ పెన్నుతో దిద్దిన నోటుబుక్కు

“అమ్మా, భయమేస్తోంది” అంటూ మా అమ్మాయి ఆట మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చి నా నడుం చుట్టూ చేతులేసేది. అప్పుడు తనకి ఏడేళ్లు. దేనికి భయం అంటే చెప్పలేకపోయేది. కడుపులోంచి ఏదో పైకి వస్తోందనేది. నేను ఒళ్లో కూర్చోబెట్టుకుని వీపు నిమిరేదాన్ని. కాసేపటికి పట్టు సడలేది. నోట్లో ఏదో ఉన్నట్టు పెదవులు చప్పరించేది, నా బట్ట అంచు వేళ్లతో నలిపేది, పిలిస్తే పలికేది కాదు. నిమిషమో నిమిషంన్నరో అయ్యాక అలాగే నిద్రలోకి జారిపోయేది. భయపడి అలసిపోయింది, నా ఒళ్లో ధైర్యం వచ్చి నిద్రపోయింది అనుకునేదాన్ని. ఎనిమిది నెలలు అలాగే అనుకున్నాను.

తర్వాత ఒక రాత్రి నిద్రలో ఒళ్లంతా బిగుసుకుపోయి కొట్టుకుంది. వాళ్ల నాన్న, నేను చెరొక చెయ్యి గట్టిగా అదిమిపట్టుకున్నాం. అది చెయ్యకూడని పని అని తర్వాత తెలిసింది. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది ఏదైనా పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, కదలికల్ని ఆపే ప్రయత్నం చెయ్యకూడదు, గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటితే అత్యవసరం కింద లెక్క. ఇవన్నీ ఇప్పుడు నిద్రలో అడిగినా చెబుతాను. ఆ రాత్రి ఒక్కటీ తెలియదు. ఫిట్స్ ఎంతసేపు వచ్చాయని ఆసుపత్రిలో అడిగితే “చాలాసేపు” అన్నాను.

మెదడులోని విద్యుత్ అలల్ని గీసి చూపే మొదటి ఇ.ఇ.జి. పరీక్ష నార్మల్‌గా వచ్చింది. ఆ కాగితం పట్టుకుని సంతోషంతో ఏడ్చాను. ఏడుపు అయ్యేదాకా న్యూరాలజిస్టు ఆగి, ఆ పరీక్ష చూసేది ఆ అరగంటలో మెదడు ఏం చేస్తోందన్నదే, మూర్ఛలు ఉన్నవాళ్లకి కూడా చాలాసార్లు నార్మల్‌గానే వస్తుంది అని చెప్పారు. రెండోసారి పాపని రాత్రి చాలాసేపు మేలుకొలిపి ఉంచి తీసుకెళ్లాం. అక్కడే నిద్రపోయింది. కణత దగ్గర పెట్టిన తీగల్లో అలలు సూదుల్లా లేచాయి. ఎం.ఆర్.ఐ.లో ఏమీ కనిపించలేదు.

ఆ సందర్భంలోనే ఆ భయాల సంగతి కూడా చెప్పాను, వేరే విషయంగా. డాక్టరుగారు రాయడం ఆపి తల ఎత్తారు. కణత భాగం లోపల అమిగ్డలా అని బాదంగింజంత ఉంటుంది, భయం కలిగించడంలో దానికి పెద్ద పాత్ర ఉంది, మూర్ఛ అక్కడ మొదలైతే మనిషికి ముందు కలిగేది చాలాసార్లు ఏ కారణమూ లేని భయమే, కడుపులోంచి ఏదో పైకి లేచినట్టు ఉండటమూ అందులో భాగమే అన్నారు. అంటే పాప భయపడినందుకు ఫిట్స్ రాలేదు. ఆ భయమే ఫిట్స్.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఒక భావం కూడా జబ్బు కావచ్చని అంతకుముందు ఎప్పుడూ తట్టలేదు. అక్కడి నుంచి తన ప్రతి భావాన్నీ అనుమానంగా చూడటం మొదలుపెట్టాను. ఆ అలవాటు తనకి మంచి ఎంత చేసిందో బాధ కూడా అంత పెట్టింది.

మొదట ఇచ్చిన మందు లెవెటిరాసెటామ్. మూడు వారాల్లో ఫిట్స్ పూర్తిగా ఆగిపోయాయి. నాలుగో వారంలో మా ఇంట్లో వేరే పిల్ల ఉన్నట్టు అయింది. చెప్పుల జత కనిపించలేదని మొదలైన ఏడుపు తలుపు మీద తల కొట్టుకునేదాకా వెళ్లేది. తమ్ముణ్ణి కొరికింది. బడిలో బెంచీ తోసేసింది. గంట తర్వాత నా దగ్గరకొచ్చి, “నేను ఎందుకలా చేశానమ్మా? నాకు చెయ్యాలని లేదు, ఆగలేదు” అని ఏడ్చేది. ఒకరోజు, “నన్ను ఎవరికైనా ఇచ్చెయ్యండి, తమ్ముడికి దెబ్బలు తగలవు” అంది. అప్పుడు తనకి ఎనిమిదేళ్లు నిండలేదు.

ఆ మందుతో చిరాకు, కోపం రావచ్చని, పిల్లల్లో ఎక్కువని డబ్బాలోని కాగితంలోనే ఉంది. చదివాను, దాటేశాను. ఫిట్స్ కంటే కోపం నయం కదా అనుకున్నాను. న్యూరాలజిస్టు దగ్గర మాకు దొరికేది పది నిమిషాలు. “ఫిట్స్ వచ్చాయా?” “లేదండీ.” “బాగుంది.” ప్రవర్తన సంగతి ఎత్తితే పిల్లల సైకియాట్రిస్టుని కలవమన్నారు. ఆవిడేమో, ఇది మందు వల్లనా కాదా తేలకుండా ఇంకో మందు ఇవ్వలేను, ముందు న్యూరాలజిస్టునే అడగండి అన్నారు. ఇద్దరూ మంచివాళ్లే, చెప్పినదాంట్లో తప్పూ లేదు. కానీ ఇద్దరికీ మధ్య ఉన్న దూరం మోయాల్సింది మేము. ఈయన కాగితాలు ఆవిడకి, ఆవిడ మాటలు ఈయనకి నేను చేరవేసేదాన్ని. డాక్టర్లు వాడే మాటలు నా నోట్లో పడి ఎంత మారిపోయేవో ఇప్పుడు తలచుకుంటే భయం వేస్తుంది.

నోటుబుక్కు మొదలైంది అప్పుడే. సైకియాట్రిస్టే రాయమన్నారు. ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేచింది, మందు ఎన్నింటికి వేశాం, డోసు ఎప్పుడు మార్చాం, ఏం జరిగింది, ఎంతసేపు, ఎలా ముగిసింది. “మీకు ఏమనిపించిందో రాయకండి, ఏం చూశారో రాయండి” అన్నారు. నాకు ఇన్నేళ్లలో ఎవరిచ్చిన సలహాకన్నా అది ఎక్కువ పనికొచ్చింది. “మొండికేసింది” అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. “సాయంత్రం 6:10, హోంవర్కు తియ్యమంటే పుస్తకం విసిరింది, 25 నిమిషాలు ఏడ్చింది, పేరు పెట్టి పిలిస్తే పలికింది, తర్వాత అన్నీ గుర్తున్నాయి” అని రాస్తే డాక్టరు ఒక్క చూపులో ఇది మూర్ఛ కాదని చెప్పగలరు.

ఆరు వారాల రాత చూస్తే లెక్క తేలింది. డోసు పెంచిన ప్రతిసారీ రెండు మూడు రోజుల్లో కోపాలు పెరిగాయి. ఇద్దరు డాక్టర్లూ కాదనలేకపోయారు. కొందరికి పనిచేస్తుందని విటమిన్ బి6 కొన్నాళ్లు ఇచ్చి చూశారు. మా పాపకి తేడా ఏమీ రాలేదు. మెల్లగా ఒకటి తగ్గిస్తూ ఒకటి పెంచుతూ వాల్‌ప్రోయేట్‌కి మార్చారు. పాత మందు పూర్తిగా ఆపిన రెండు వారాలకి తుఫాను వెలిసింది. ఒక పొద్దున లేచి తమ్ముడి పక్కన కూర్చుని వాడికి బొమ్మలు గీసి పెట్టింది. అంతా మందు వల్లే, పాపకి ఇంకేమీ లేదు అని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాను. ఆ మాట సగమే నిజమైంది.

తొమ్మిదేళ్లు దాటాక, ఫిట్స్ లేక నాలుగు నెలలైన సమయంలో, మందులో ఏ మార్పూ లేకుండా, పాప మెల్లగా అణగారిపోవడం మొదలైంది. మొదట బొమ్మలు గీయడం మానేసింది. తర్వాత స్నేహితురాళ్లు వస్తే నిద్ర వస్తోందని చెప్పమనేది. పది గంటలు పడుకుని లేచి అలసటగా ఉందనేది. కోపం లేదు, అల్లరి లేదు, మంచి పిల్లలా ఉంది. అందుకే చాలా ఆలస్యంగా గమనించాం. ఒక రాత్రి దీపం ఆర్పాక చీకట్లోంచి, “నేను లేకపోతే మీకు హాయిగా ఉంటుంది కదమ్మా” అంది. అడుగుతున్నట్టు కాదు, లెక్క చెబుతున్నట్టు అంది.

నా ఒళ్లు చల్లబడిపోయింది. ఛ, అలాంటి మాటలు అనకూడదు అని నోరు మూయించబోయాను. కానీ సైకియాట్రిస్టు అంతకుముందే చెప్పి ఉన్నారు: అలాంటిదేమైనా వింటే దాటెయ్యకండి, సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు అని. అందుకని పక్కన పడుకుని అడిగాను. “చచ్చిపోవాలనిపిస్తోందా, నాన్నా?” చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “చావాలని కాదు. లేకుండా ఉంటే బాగుండనిపిస్తుంది” అంది. ఆ రాత్రి తనతోనే ఉన్నాను. తెల్లారగానే డాక్టరుగారికి ఫోన్ చేశాను. మందులన్నీ తాళం వేసిన పెట్టెలోకి వెళ్లాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

మూర్ఛ మందుల వల్ల ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. హెచ్చరిక ఇచ్చిందని ఆ వారంలోనే అర్ధరాత్రి చదివాను. పెట్టె తీసి మందులన్నీ పారేద్దామనుకున్నాను. వాళ్ల నాన్న తాళంచెవి ఇవ్వలేదు. మర్నాడు డాక్టరుగారు కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. 11 మందుల మీద జరిగిన 199 పరీక్షల్ని కలిపి చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో వెయ్యికి సుమారు ఇద్దరికి అలాంటి ఆలోచనలో పనులో కనిపించాయి, మందు వేసుకున్నవాళ్లలో సుమారు నలుగురికి. కనిపెట్టుకుని ఉండాలని దాని అర్థం, ఆపెయ్యమని కాదు. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకే రావచ్చు.

మా వల్లే ఇలా అయిందా అని అడిగాను. జబ్బు ఉందన్న దిగులా? ఇంట్లో టెన్షనా? అది కొంత ఉండొచ్చు, అదే మొత్తం కాదు అన్నారు సైకియాట్రిస్టు. దిగులు జబ్బు వాళ్లకి మూర్ఛలు, మూర్ఛలు ఉన్నవాళ్లకి దిగులు జబ్బు వస్తుంటాయని 2400 ఏళ్ల కిందటి హిపోక్రటీస్ నాటి రాతల్లోనే ఉందట. మూర్ఛ ఉన్నవాళ్లకి డిప్రెషన్ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ. డిప్రెషన్ వచ్చినవాళ్లకి తర్వాత మూర్ఛ వచ్చే అవకాశం కూడా ఎక్కువే. మెదడులో రెండింటి దారులూ కొన్నిచోట్ల ఒకటే. ఇలాంటివి వంశంలోనూ ఉండొచ్చని తర్వాత ఇంట్లో పెద్దవాళ్లని గుచ్చి గుచ్చి అడిగితే, “మనిషి అదో రకం” అని అందరూ తేల్చేసిన ఒక దగ్గరి బంధువు కథ బయటికొచ్చింది. నెలల తరబడి మంచం దిగేవాడు కాదట, తర్వాత నెలల తరబడి నిద్రపోయేవాడు కాదట. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే మాకు ఒక ఏడాది కలిసొచ్చేది. ఇళ్లలో ఇవి దాచకండి అని చేతులెత్తి అడుగుతాను.

నోటుబుక్కు మళ్లీ పనికొచ్చింది. పాడు రోజులు అన్నీ ఒక రకం కావని అందులో కనిపించింది. ఫిట్స్ వచ్చేముందు ఒక పూటో ఒక రోజో ఊరికే చిరాకు, ఎవరు ముట్టుకున్నా పడదు. ఫిట్స్ వచ్చి వెళ్లాక ఒకటి రెండు రోజులు ఏడుపు, ఏదో పోగొట్టుకున్నట్టు. ఇవి కాక, ఫిట్స్‌తో సంబంధం లేకుండా వారాల తరబడి సాగే దిగులు. మొదటి రెండూ వాటంతట అవే పోతాయి, పక్కన ఉంటే చాలు. మూడోదానికే వైద్యం కావాలి. ఈ తేడా తెలిశాక ఇంట్లో సగం భయం తగ్గింది.

పదేళ్లప్పుడు మూడు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. అలసట లేదు. ఆగకుండా మాటలు, ఒకదాని మీద ఒకటి, నలభై కాగితాల నిండా బొమ్మలు. మేం సంతోషించాం! దిగులు పోయిందనుకున్నాం. నాలుగో రాత్రి వరసగా మూడుసార్లు ఫిట్స్ వచ్చాయి. మూడోది ఆగలేదు. ఆరేళ్ల మా అబ్బాయి మంచం పక్కన నిలబడి గడియారం చూస్తూ, “నాలుగైంది... అయిదైంది అమ్మా” అన్నాడు. ముక్కులో ఫిట్స్ ఆపే మిడజోలామ్ స్ప్రే కొట్టాను. ఇంకో రెండు నిమిషాలకి ఆగింది. ఆగాక వాడు తన గదిలోకి వెళ్లి దుప్పటి కప్పుకుని వణికాడు. వాడి చిన్నతనంలో ఆ గడియారం ఉంది. దాని గురించి వాడితో చాలా మాట్లాడాం, ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం.

ఆసుపత్రి నుంచే ఇద్దరు డాక్టర్లకీ ఒకే మాట చెప్పాను. మీరిద్దరూ ఒకసారి నేరుగా మాట్లాడుకోండి, మధ్యలో నేనుండను అని. అలా అడగొచ్చని అంతకుముందు తెలియదు. మూడు రోజుల తర్వాత ఫోన్‌లో మాట్లాడుకున్నారట, ఇరవై నిమిషాలు. మూడేళ్లలో నేను చేరవేసినదానికంటే ఆ ఇరవై నిమిషాల్లో ఎక్కువ తేలింది. మూడ్ పైకి లేచి నిద్ర పట్టకుండా పోయింది, నిద్ర లేక ఫిట్స్ వచ్చాయి. ఒకరు ఒక కొస, ఇంకొకరు ఇంకో కొస పట్టుకుని ఇన్నాళ్లూ చూసింది ఒకే తాడుని. మూడ్ జబ్బుకి ఇప్పుడే ఒక పేరు అంటించను, ఇంత చిన్న వయసులో పొరపాటు పడొచ్చు, చూస్తూ వైద్యం చేద్దాం అన్నారు సైకియాట్రిస్టు. ఆవిడ ఆ మాట అన్నందుకు నాకు నమ్మకం పెరిగింది.

వాల్‌ప్రోయేట్ మూర్ఛకీ మూడ్‌కీ రెండింటికీ వాడే మందే. కానీ పాప బరువు పెరిగింది, చేతులు వణికేవి, బొమ్మలు గీసే పిల్లకి అది చాలా కష్టంగా ఉండేది. పైగా గర్భంలో బిడ్డకి అది చాలా హాని చేస్తుంది కాబట్టి ఆడపిల్ల పెద్దమనిషి కాకముందే వేరే మందు ఆలోచించడం మంచిదన్నారు. లామోట్రిజిన్ మొదలుపెట్టారు. దాన్ని గబగబా పెంచకూడదు, ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. వాల్‌ప్రోయేట్ పక్కన ఉంటే లామోట్రిజిన్ ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి ఇంకా చిన్న డోసుతో మొదలుపెట్టాలి. నెలలు పట్టింది. రోజూ సాయంత్రం దీపం కింద వీపు, మెడ, నోటి లోపల చూసేదాన్ని. నిద్రవేళ ఇంట్లో అందరికీ ఒకటే చేశాం. వారానికి ఒకసారి కౌన్సెలర్ దగ్గర తను మాట్లాడుకునేది, ఏం మాట్లాడిందో నేను అడిగేదాన్ని కాదు. బడిలో టీచర్లకి ఒక కాగితం మీద అన్నీ రాసిచ్చాం. ఒక బడి మారాల్సి వచ్చింది. దాని గురించి ఇప్పుడు రాయాలని లేదు.

పన్నెండేళ్లప్పుడు తను నోటుబుక్కులు చూసింది. అప్పటికి అయిదయ్యాయి. నేను బయటి నుంచి వచ్చేసరికి నేల మీద పరుచుకుని కూర్చుని ఉంది, చేతిలో ఆకుపచ్చ పెన్ను. ముందు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. “ఇవన్నీ నా గురించేనా?” అంది. అవునన్నాను. “ఇందులో తప్పులున్నాయి.”

పక్కన కూర్చున్నాను. ఒక్కో పేజీ దిద్దుతోంది. “రాత్రి 8:15, తలుపు గట్టిగా వేసింది, 40 నిమిషాలు బయటికి రాలేదు” అని నేను రాసినచోట ఆకుపచ్చ సిరాతో “ఇది జబ్బు కాదు. నువ్వు నా డైరీ చదివావు” అని రాసింది. ఇంకోచోట, “పగలంతా బాగుంది, ఏమీ లేదు” అన్న నా వాక్యం కింద, “ఆ రోజు రెండుసార్లు వచ్చింది. చిన్నవి. చెబితే నువ్వు నిద్రపోవని చెప్పలేదు” అని ఉంది. చాలా పేజీల్లో ఒకటే మాట: “ఇది నేనే.” కోపానికి ఒకచోట, ఏడుపుకి ఒకచోట, పక్కింటి పిల్లతో పోట్లాటకి ఒకచోట. ఇది నేనే, ఇది నేనే.

నాకు మాట రాలేదు. నేను రాసింది కళ్లతో చూసిందే, ఒక్క అబద్ధం లేదు. ఆ రాతే మందు మార్పించింది, డాక్టర్లని కలిపింది, బహుశా తన ప్రాణం నిలబెట్టింది. అయినా అయిదేళ్లపాటు ఒక పిల్ల తలుపు వేసుకున్న ప్రతిసారీ బయట గడియారం చూస్తూ ఒక మనిషి ఉంది. తనకి కోపం తెచ్చుకునే హక్కు కూడా నా లెక్కలోంచి దాటి రావాల్సి వచ్చింది. క్షమాపణ అడిగాను. “అడక్కు, నువ్వు చెయ్యకపోతే ఎవరు చేస్తారు?” అంది. కాసేపాగి, “కానీ ఇకనుంచి నేను రాస్తాను” అంది.

సైకియాట్రిస్టుని అడిగితే సరే అన్నారు, రెండు షరతుల మీద. లేకుండా పోవాలన్న ఆలోచన వస్తే అదే రోజు చెప్పాలి, వరసగా రెండు రాత్రులు నిద్ర పట్టకపోతే నేనూ రాయొచ్చు. పాప ఒప్పుకుంది, తనూ ఒక షరతు పెట్టింది: అడగకుండా చదవకూడదు.

ఇప్పుడు పధ్నాలుగు నిండాయి. పెద్ద ఫిట్స్ రాక పదహారు నెలలైంది. చిన్నవి నెలకో రెండు నెలలకో ఒకటి వస్తుంది. మధ్యలో అయిదు వారాలు దిగులు వచ్చింది. ఈసారి మొదటి వారంలోనే తనే చెప్పింది, డాక్టరు దగ్గరకి తనే పోదామంది. చేతుల వణుకు పోయింది. నేను ఇప్పటికీ రాత్రుళ్లు తన ఊపిరి వినడానికి ఒకసారి లేస్తాను. అది మానలేదు, మానమని తనూ అడగలేదు.

పోయిన వారం పడుకోబోతూ నోటుబుక్కు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. చదవమంది. ఆకుపచ్చ సిరా, గుండ్రటి అక్షరాలు:

“రాత్రి 9:40. మందు వేసుకున్నాను. భయంగా ఉంది. కడుపులోంచి పైకి రావడం లేదు. ఆ భయం కాదు ఇది. రేపు లెక్కల పరీక్ష.”